పెర్ల్ బక్‌కి చైనా పల్లె అంత దగ్గరగా ఎలా తెలిసింది?

అమెరికన్ రచయిత్రి పెర్ల్ బక్ రాసిన 'గుడ్ ఎర్త్' నవల చదివి మీరు మూడు విషయాలు అడిగారు. మిషనరీ బంగళాలో పెరిగిన తెల్లమ్మాయికి వాంగ్ లుంగ్ లాంటి రైతు మనసు ఎలా పట్టుబడింది? చైనావాళ్ల గురించి రాసే హక్కు అసలు ఆమెకుందా? ఇంకా ఆమెవి ఏం చదవాలి? నేను డిగ్రీ, పీజీ పిల్లలకు అమెరికన్ సాహిత్యం పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ నవల చాలా బ్యాచ్‌లకు చెప్పాను, దాని వెనకున్న మనిషి గురించి దొరికిందల్లా చదివాను. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. "చైనాలో పెరిగింది కాబట్టి చైనా తెలుసు" అన్నది సగం జవాబే. ఆ రోజుల్లో చైనాలో పెరిగిన మిషనరీ పిల్లలు బోలెడుమంది ఉన్నారు. బాల్యం ఆమెకు భాషనిచ్చింది, కథ వినే చెవినిచ్చింది. ఆ నవలకు ప్రాణం పోసింది మాత్రం కడుపుకోత ఎరిగిన ఆడవాళ్లు. అందులో మొదటి మనిషి ఆమె తల్లి. తర్వాత ఉత్తర చైనా పల్లెల్లో ఆమె కూర్చుని మాట్లాడిన రైతుల భార్యలు. ఆ తర్వాత తను.

పుట్టడం అమెరికాలోనే, 1892 జూన్ 26న, వెస్ట్ వర్జీనియాలో హిల్స్‌బరో అనే చిన్న ఊళ్లో, అమ్మమ్మగారింట్లో. తల్లిదండ్రులు అబ్సలం, కేరీ సైడెన్‌స్ట్రికర్ అప్పటికే చైనాలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ప్రెస్బిటేరియన్ మిషనరీలు. సెలవు మీద వచ్చినప్పుడు ఈమె పుట్టింది. నెలల పిల్లగా ఉండగానే ఎత్తుకుని మళ్లీ ఓడెక్కారు. యాంగ్జీ నదీ గ్రాండ్ కెనాలూ కలిసేచోట ఉన్న జెన్‌జియాంగ్ ఊళ్లో ఆమె బాల్యం గడిచింది.

బంగళా అంటే మీరు ఊహించుకున్నట్టు గేటూ, తోటా, తెల్లవాళ్ల లోకమూ కాదు. అబ్సలంకి తోటి మిషనరీలతో పొసగదు. చైనావాళ్ల మధ్యే కాపురం ఉండాలన్నది ఆయన పట్టుదల. దాంతో పెర్ల్‌కి ఆడుకోవడానికి దొరికింది ఇరుగుపొరుగు చైనా పిల్లలే. చీనీ భాష ఇంగ్లీషుకన్నా ముందే నోటికొచ్చింది. ఇంట్లో వాంగ్ అనే ముసలి ఆయా ఉండేది. చిన్నప్పుడే పాదాలు పెరగకుండా గుడ్డలతో బిగించి కట్టేసిన తరం ఆమెది. చైనా రాజవంశం మీద లేచిన తైపింగ్ తిరుగుబాటు కాలంలో జరిగిన ఊచకోతలో అయినవాళ్లను పోగొట్టుకున్న మనిషి. ఆమె చెప్పే దెయ్యాల కథలు, దేవుళ్ల కథలు, వంటమనిషి చెప్పే పాత నవలల కథలు వింటూ ఈ పిల్ల పెరిగింది. పెద్దయ్యాక కుంగ్ అనే పండితుడు ఇంటికొచ్చి కన్ఫ్యూషియస్‌నీ చీనీ రాతనీ నేర్పాడు. ఇంగ్లీషులో తోడు డికెన్స్. 1938లో నోబెల్ ఉపన్యాసం ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆమె ఎంచుకున్న విషయం చైనా నవల. కథ చెప్పడం తనకు నేర్పింది చైనా నవలేనని స్టాక్‌హోమ్‌లో పెద్దల ముందు నిలబడి చెప్పింది.

ఇక ఒక పేజీ చూద్దాం. కరువు కాలంలో వాంగ్ లుంగ్ భార్య ఓ-లాన్‌కి మళ్లీ ఆడపిల్ల పుడుతుంది. పుట్టిన కాసేపటికే ఆ బిడ్డ చచ్చిపోయి ఉంటుంది. మెడ మీద రెండు మచ్చలు. వాంగ్ లుంగ్ ఏమీ అడగడు. చింకి చాపలో చుట్టి శవాన్ని తీసుకెళ్లి ఒక పాత సమాధి పక్కన దించుతాడు. ఆకలితో ఎముకలు తేలిన కుక్క ఒకటి వెంటనే వెనక చేరుతుంది. రాయి తీసి కొడితే డొక్కకు తగులుతుంది గానీ అది నాలుగడుగుల కన్నా దూరం పోదు. వాంగ్ లుంగ్ మొహం చేతుల్లో కప్పుకుని వెళ్లిపోతాడు. క్లాసులో ఈ పేజీ చదివించాక కాసేపు పాఠం ముందుకు సాగేది కాదు.

ఇది కల్పన అనుకుంటాం. జెన్‌జియాంగ్‌లో వాళ్ల ఇల్లు సమాధుల గుట్టల పక్కనే ఉండేది. పుట్టీ పుట్టగానే చంపేసిన ఆడపిల్లల్ని లోతులేని గోతుల్లో పెడితే కుక్కలు లాగేవి. గడ్డిలో దొరికిన చిన్న చిన్న ఎముకల్ని ఏరి, గొయ్యి తీసి పూడ్చేది చిన్నారి పెర్ల్. కుక్కల్ని తోలడానికి వెదురు కర్రకు రాయి బిగించి చేతిలో పట్టుకెళ్లేదట. ఈ సంగతి పెద్దవాళ్లకు చెప్పలేదు. నవలలో ఆ కుక్క కదలకపోవడం ఆమె కళ్లారా చూసిన దృశ్యం.

ఇంట్లోనూ చావు కొత్త కాదు. కేరీకి ఏడుగురు పిల్లలు. నలుగురు చిన్నతనంలోనే పోయారు. అందులో ముగ్గురు పెర్ల్ పుట్టకముందే, చైనాలో కాపురం పెట్టాక జబ్బులతో పోయినవాళ్లు. అబ్సలం మత ప్రచారానికి గాడిదెక్కి ఊళ్లకు ఊళ్లు తిరిగేవాడు. బైబిల్ కొత్త నిబంధనను గ్రీకు నుంచి సొంతంగా చీనీలోకి అనువదించి, దాన్ని అచ్చువేయించడానికి ఇంటి ఖర్చుల డబ్బు కూడా పెట్టేవాడు. ఇల్లూ, పిల్లలూ, దిగులూ అన్నీ కేరీ నెత్తిమీదే. 1936లో పెర్ల్ ఇద్దరి జీవితాలనూ రెండు పుస్తకాలుగా రాసింది: తల్లి గురించి 'ది ఎగ్జైల్', తండ్రి గురించి 'ఫైటింగ్ ఏంజెల్'. నోబెల్ ప్రశంసా వాక్యంలో చైనా రైతు జీవితంతో పాటు ఈ జీవిత చరిత్రల ప్రస్తావన కూడా ఉంది. చాలామంది ఈ మాట మర్చిపోతారు. నన్నడిగితే తండ్రి పుస్తకం ఆమె రాసినవాటిలో కల్లా గట్టిది. ఆయన మీద కోపం, గౌరవం రెండూ ఒకే వాక్యంలో పట్టేలా రాయగలిగింది.

1900లో బాక్సర్ల తిరుగుబాటు వచ్చింది. విదేశీయుల్ని వేటాడారు. తల్లీపిల్లలు షాంఘై చేరి బతికారు, తండ్రి ఊళ్లోనే ఉండిపోయాడు. నిన్నటిదాకా ఆడుకున్న పిల్లలు దగ్గరికి రావడం మానేశారు. తను వాళ్లలో ఒకతె కాదని ఎనిమిదేళ్ల వయసులో తెలిసింది. 1910లో వర్జీనియాలోని రాండాల్ఫ్-మేకన్ మహిళా కళాశాలలో చేరితే అక్కడా పరాయిదే. 1914లో పట్టా పుచ్చుకుని, తల్లికి జబ్బు చేసిందని వెనక్కి వచ్చేసింది.

1917లో జాన్ లాసింగ్ బక్ అనే వ్యవసాయ ఆర్థికవేత్తను పెళ్లి చేసుకుంది. ఇద్దరూ ఆన్హుయ్ రాష్ట్రం ఉత్తరాన నాన్‌షూజౌ అనే ఊళ్లో కాపురం పెట్టారు. గోధుమ పండే మెట్ట నేల, దుమ్ము, కరువు. వాంగ్ లుంగ్ పొలం ఇక్కడిదే. లాసింగ్ బక్ ఊరూరా తిరిగి ఎంత భూమి, ఎంత పంట, ఎంత అప్పు అని లెక్కలు తీసేవాడు. ఆ సర్వేల నుంచి వచ్చిన ఆయన పుస్తకాలను చైనా వ్యవసాయం చదివేవాళ్లు ఇప్పటికీ తిరగేస్తారు. భార్య వెంట వెళ్లేది, భాష అందించేది. మగవాళ్లు బయట లెక్కలు చెబుతుంటే ఈమె లోపల ఆడవాళ్లతో కూర్చునేది. చీనీ మాట్లాడే ఆడమనిషి కాబట్టి ఆ గదుల్లోకి అడ్డు లేదు. ఎన్ని కాన్పులు, ఎంతమంది బతికారు, అత్త పెట్టిన ఆరళ్లు, పొలం పని అన్నీ అక్కడే విన్నది. ఓ-లాన్ ఒంటరిగా గదిలోకెళ్లి బిడ్డను కని, తేరుకుని, అదే రోజు మళ్లీ పొలంలోకొచ్చి భర్త పక్కన కోత అందుకునే ఘట్టం అలాంటి గదుల్లో కూర్చోకుండా రాదు. నవల మొదట్లో పెళ్లిరోజు పొద్దున వాంగ్ లుంగ్ తండ్రికిచ్చే వేడినీళ్లలో కాసిని తేయాకులు వేస్తే, ముసలాయన వెండి తిన్నట్టుందని సణుగుతాడు చూశారా, పేదింటి లెక్కలు తెలిసినవాళ్లకే తట్టే మాట అది.

ఇప్పుడు అసలు విషయం. 1920 మార్చిలో నాన్జింగ్‌లో కూతురు కేరొల్ పుట్టింది. ఆ కాన్పులోనే గర్భసంచిలో గడ్డ ఉందని తేలి, ఆపరేషన్ అయి, ఇక పిల్లలు పుట్టరని తెలిసింది. బిడ్డ చూడముచ్చటగా ఉండేది. మూడేళ్లొచ్చినా మాట రాలేదు. ఒళ్లంతా ఎగ్జిమా దద్దుర్లు, మనసు నిలకడ లేదు. డాక్టర్ల చుట్టూ తిరుగుతూ అమెరికాలో మేయో క్లినిక్‌కి తీసుకెళ్లింది. పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఏదో ఆశ మిగిలేలా మాట్లాడి పంపాడు. బయటికొస్తుంటే జర్మన్ యాసతో మాట్లాడే ఒక చిన్న డాక్టరు పక్కకు పిలిచి, వాళ్ల మాటలు నమ్మకమ్మా, ఈ బిడ్డ ఎప్పటికీ బాగుపడదు, ఆశ వదులుకుని తను సంతోషంగా ఉండే చోటు వెతుకు అన్న అర్థంలో ముఖాన చెప్పేశాడు. ఆ నిమిషంలో లోపల నెత్తురు కారినట్టయిందని, అయినా తర్వాత జీవితమంతా ఆ మనిషికి కృతజ్ఞురాలినేనని ఆమె రాసుకుంది.

కేరొల్‌ది ఫినైల్‌కీటోన్యూరియా. తిండిలోని మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని శరీరం విరగ్గొట్టలేక అది రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. పుట్టిన వెంటనే కనిపెట్టి ఆ పదార్థం తక్కువగా ఉండే ఆహారం పెడితే బిడ్డ మామూలుగా పెరుగుతుంది. ఇది తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఫోలింగ్ అనే నార్వే డాక్టరు 1934లో ఈ జబ్బును మొదటిసారి గుర్తించాడు. అప్పటికి కేరొల్‌కి 14 ఏళ్లు. పుట్టిన శిశువు మడమ నుంచి నెత్తుటి చుక్క తీసి చేసే పరీక్ష 1960లలో గానీ రాలేదు.

1929లో పెర్ల్ కూతుర్ని న్యూజెర్సీలోని వైన్‌లాండ్ ట్రైనింగ్ స్కూల్లో చేర్చింది. అందులో ఉంచాలంటే ఖర్చు భారీ. అప్పు చేసింది. భర్త జీతం చాలదు, అతనికి ఈ విషయంలో పట్టింపు కూడా అంతంతమాత్రమే. నాన్జింగ్‌కి తిరిగొచ్చి, బిడ్డ లేని ఇంట్లో, పైకప్పు కింది అటక గదిలో టైప్‌రైటర్ ముందు కూర్చుంది. మూడు నెలల్లో 'గుడ్ ఎర్త్' అయిపోయింది. జీవితకాలం ఖర్చయ్యే బిడ్డ కోసం డబ్బు కావాలి, చేతిలో ఉన్న విద్య రాయడమొక్కటే. ఈ సంగతి చెబితే కొందరు విద్యార్థులు మొహం చిన్నబుచ్చుకునేవారు, డబ్బు కోసం రాసిందా అని. నాకు మాత్రం ఆమె మీద గౌరవం అక్కడే పెరిగింది.

ఇది తెలిశాక నవలలో వాంగ్ లుంగ్ పెద్ద కూతుర్ని మళ్లీ చూడండి. కరువులో తల్లి పాలు ఎండిపోయి, ఎదుగూబొదుగూ లేక, మాట రాని పిల్ల. ఎండలో కూర్చుని ఒక గుడ్డపేలికను మెలిపెడుతూ, మడతలు వేస్తూ నవ్వుతుంటుంది. నగరంలో అడుక్కు తినే రోజుల్లో ఈ పిల్లను అమ్మేసి ఊరికి పోదామన్న ఆలోచన వాంగ్ లుంగ్‌కి వస్తుంది. ఎత్తుకుంటే అది గుండెకు హత్తుకుని నవ్వుతుంది, అమ్మలేకపోతాడు. డబ్బొచ్చాక టీ దుకాణంలో ఉండే వేశ్య లోటస్ కోసం ఓ-లాన్ రొమ్ముల మధ్య దాచుకున్న రెండు ముత్యాలు కూడా లాక్కున్న కఠినాత్ముడు వాడు. ఈ బిడ్డ దగ్గర మాత్రం కరిగిపోతాడు. ముసలితనంలో, తను పోతే దీన్నెవరు చూస్తారని బెంగపడి, ఇంట్లో దాసి పిల్ల పియర్ బ్లాసమ్ చేతికి విషం పొట్లం ఇస్తాడు, నేను పోయాక దీని అన్నంలో కలుపు అని. ఆమె వెనక్కి జరుగుతుంది, పురుగును చంపలేనిదాన్ని మనిషినెలా చంపుతాను, నేనే చూసుకుంటాను అంటుంది.

అలాంటి బిడ్డను కన్న ప్రతి తల్లీ తండ్రీ రాత్రుళ్లు మేలుకుని ఆలోచించేది ఇదే: మా తర్వాత ఎవరు? పాఠకులు లక్షల సంఖ్యలో ఆ పేజీ చదివారు, అదెక్కణ్నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. 1950లో 'ది చైల్డ్ హూ నెవర్ గ్రూ' రాసేదాకా ఆమె కేరొల్ సంగతి బయటపెట్టలేదు. కేరొల్ వైన్‌లాండ్‌లోనే ఉండి 1992లో, 72వ ఏట కన్నుమూసింది. తల్లి పోయాక ఇంకో 19 ఏళ్లు బతికింది. పుస్తకాల డబ్బు ఆఖరిదాకా ఆమెను చూసుకుంది.

మధ్యలో 1927 సంగతి వదిలేశాను. ఆ మార్చిలో నాన్జింగ్‌లో సైనికులు విదేశీయుల ఇళ్ల మీద పడ్డారు. పెర్ల్ పనిచేసిన విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుణ్ణి కాల్చి చంపారు. పెర్ల్ ఒకప్పుడు ఆదుకున్న పేదరాలొకామె వీళ్లందరినీ తన గుడిసెలో దాచింది. కిటికీ లేని ఆ ఒక్క గదిలో తండ్రి, చెల్లెలి కుటుంబం, పిల్లలు ఊపిరి బిగబట్టి పగలంతా గడిపారు. కేరొల్ అరిస్తే అందరి ప్రాణాలూ పోయేవి. ఇల్లు దోచినప్పుడు ఒక నవల రాతప్రతి పోయింది, తల్లి జీవిత చరిత్ర ప్రతి మాత్రం దక్కింది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెబుతాను. 'గుడ్ ఎర్త్' 1931లో వచ్చింది, రెండేళ్లు వరసగా అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన నవల అదే. తండ్రి అదే ఏడాది పోయాడు, కూతురి పుస్తకం చదవనేలేదు. 1932లో పులిట్జర్. అదే ఏడాది న్యూయార్క్‌లో చాలామంది మిషనరీల అహంకారాన్ని తూర్పారబట్టి మాట్లాడితే గొడవైంది, తర్వాతి ఏడాది మిషన్‌కి రాజీనామా ఇచ్చింది. 1934లో చైనా వదిలింది, మళ్లీ చూడలేదు. 1935లో విడాకులు, అదే రోజు తన ప్రచురణకర్త రిచర్డ్ వాల్ష్‌తో పెళ్లి. 1938లో నోబెల్, సాహిత్యంలో ఆ బహుమతి పొందిన తొలి అమెరికన్ మహిళ. అమెరికా విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. పురాణం చెప్పినట్టు సాగే ఆమె వాక్యం వాళ్లకు పాతకాలపుదిగా అనిపించింది. తర్వాతి నవలల మీద వాళ్లన్నదాంట్లో నిజముంది. ఇల్లూ, పెంపుడు పిల్లలూ, సంస్థలూ నడపడానికి ఆమె తొందరగా, చాలా ఎక్కువగా రాసింది.

ఇక హక్కు సంగతి. ఈ ప్రశ్న ఆమె బతికుండగానే చైనావాళ్లు అడిగారు. చైనా రచయిత లూ షున్ ఆమెకు తెలిసిన చైనా పైపైనే అన్నాడు. కియాంగ్ కాంగ్-హు అనే పండితుడు 1933లో న్యూయార్క్ టైమ్స్‌లో రాస్తూ, రైతులూ కూలీలూ సంఖ్యలో ఎక్కువైతే కావచ్చు గానీ చైనాకు ప్రతినిధులు వాళ్లు కారన్నాడు. ఎక్కువమంది జనం ప్రతినిధులు కాకపోతే మరెవరు అన్న ధోరణిలో ఆమె జవాబిచ్చింది. ఇందులో నేను పూర్తిగా ఆమె పక్షం. మా క్లాసులో పాలమూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు, వాంగ్ లుంగ్ కుటుంబం కరువుకు రైలెక్కి నగరానికి పోయి, గొప్పింటి గోడకు చాపలు ఆనించి గుడిసె వేసుకుని, అతను రిక్షా లాగే అధ్యాయం అయ్యాక లేచి, "మా తాత బొంబాయికి పోయిండు సార్, అచ్చం ఇట్లనే" అన్నాడు. వలస బతుకు తెలిసిన ఇంటి పిల్లవాడికి ఆ నవల నిజమనిపించింది, నాకది చాలు. లోపం లేదనను. భూస్వామి, పన్ను, విదేశీ పెత్తనం రైతు మెడకు ఎలా ఉరి బిగించాయో నవల అడగదు. కరువు ఆకాశం నుంచి ఊడిపడినట్టే ఉంటుంది, విప్లవం వీధిలో కేకలా వినబడి పోతుంది. ఆ మేరకు చైనా విమర్శకులు చెప్పింది వినాల్సిందే.

రాసి ఊరుకోలేదు కూడా. 1882 నుంచి చైనా కూలీలను అమెరికా గడప తొక్కనివ్వని చట్టాన్ని 1943లో రద్దు చేయించడానికి ఆమె, భర్త వాల్ష్ ఇద్దరూ ముందుండి పోరాడారు. మన స్వాతంత్ర్యం కోసం అమెరికా వేదికల మీద గట్టిగా మాట్లాడింది. 1948 చివర్లో ఒక దత్తత సంస్థ నుంచి కబురొచ్చింది: తండ్రి భారతీయుడు, తల్లి అమెరికన్, ఏడాది దాటిన మగబిడ్డ, ఒంటి రంగు చూసి ఎవరూ తీసుకోవడం లేదని. ఆ బిడ్డను ఇంటికి తెచ్చుకుంది. 1949లో వెల్‌కమ్ హౌస్ మొదలైంది, జాతులు కలిసి పుట్టిన పిల్లల్ని దత్తతకిచ్చే తొలి సంస్థ అది. సినిమా ఇష్టపడేవాళ్ల కోసం ఇంకో మాట: దేవానంద్ 'గైడ్' ఇంగ్లీషు రూపానికి రచన ఆమెదే. చివరి ఏళ్లలో, పిల్లల కోసం తను పెట్టిన ఫౌండేషన్ అప్పగించిన మనిషి మీద డబ్బు ఆరోపణలొస్తే, చుట్టూ ఉన్నవాళ్లు చెప్పినా వినకుండా అతన్నే వెనకేసుకొచ్చింది. అది ఆమె పేరుకు మచ్చే.

1972లో నిక్సన్ చైనా వెళ్లినప్పుడు తనూ వెళ్లాలని ఆశపడింది. కొత్త చైనా ప్రజలనూ నాయకులనూ వక్రీకరించి దూషించారంటూ వీసా నిరాకరించారు. తల్లి సమాధి జెన్‌జియాంగ్‌లో ఉంది, అది చూడాలన్నది ఆమె కోరిక. 1973 మార్చి 6న వెర్మాంట్‌లో, 80వ ఏట పోయింది. పెన్సిల్వేనియాలో ఆమె తోటలో ఉన్న సమాధి రాయి మీద చీనీ అక్షరాల్లో చెక్కిన ఆమె చైనా పేరే ఉంటుంది. ఇప్పుడు నాన్జింగ్‌లో ఆమె ఉన్న ఇంటిని చైనావాళ్లే మ్యూజియం చేశారు.

ఏం చదవాలన్నారు. 'గుడ్ ఎర్త్' తర్వాత దాని కొనసాగింపు 'సన్స్'కి వెంటనే వెళ్లొద్దు, పట్టు తగ్గుతుంది. ముందు 'ది ఎగ్జైల్', 'ఫైటింగ్ ఏంజెల్' జంటగా చదవండి. ఆత్మకథ 'మై సెవరల్ వరల్డ్స్' ఇంపుగా ఉంటుంది గానీ దాచింది చాలా, మొదటి భర్త ఊసు నామమాత్రం. ఆ ఖాళీలు పూరించుకోవడానికి పీటర్ కాన్ 1996లో రాసిన జీవిత చరిత్ర, హిలరీ స్పర్లింగ్ 2010లో రాసింది ఉన్నాయి. మొదటిది ఆమె చేసిన పోరాటాలకు, రెండోది చైనా ఏళ్లకు. 'ది చైల్డ్ హూ నెవర్ గ్రూ' సన్నటి పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుంది. అలాంటి బిడ్డ ఉన్న ఇల్లు మీకు తెలిసి వాళ్లకు ఇవ్వాలనుకుంటే, ముందు మీరు చదివి ఇవ్వండి. వైద్యం సంగతులు పాతబడ్డాయి, 1950 నాటి కొన్ని మాటలు ఈ రోజు తల్లిదండ్రులకు గుచ్చుకుంటాయి. బిడ్డను వైన్‌లాండ్‌లో వదిలి వచ్చే అధ్యాయం గురించి మాత్రం వాళ్లకు ముందే చెప్పి ఇవ్వండి.